వాయిదా బేరములు – శెనగ రైతు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఈ సభయందు సేద్యము చేయువారును, వర్తకము చేయువారును ప్రక్కప్రక్కనే కూర్చుండియున్నారు. ప్రకాశము, కర్నూలు సీమల నల్లరేగడిలో శెనగ పండించువారి యన్నదమ్ములే పట్టణములలో నా శెనగపై వాయిదా బేరములాడియున్నారు. అన్న నష్టమే తమ్ముని లాభమను మాట మన యిండ్లలోనే పుట్టినది గనుక, మేమీ విషయమును ప్రస్తావింప సాహసించుచున్నాము.

వాయిదా బేరమనగా కొన్ని నెలల పిమ్మట నప్పగింపవలసిన సరకునకు నేడే ధర కుదుర్చుకొనుట. దీని పుట్టుక జూదము కాదు. 1848లో సంఘముగా నేర్పడిన షికాగో ధాన్యవర్తకుల కాలమున, చలికాలమంతయు ధాన్యమును నిలువయుంచినవారు వసంతమున పడవలు కదలునాటికి ధర పడునేమోయను భయమున ముందుగా బేరము చేసికొనిరి. ఆ భయమును కొనువా డొకడు కావలెను గదా. వాడే సట్టా వ్యాపారి. వానికి శెనగ చేను చూచిన యనుభవ మక్కరలేదు. కొద్దిపాటి బయానా కట్టి కొనును. గడువునకు ముందే యమ్మి, తేడా పుచ్చుకొనును, లేదా చెల్లించును.

వీరివలన ధర పడినదని రైతులు, పెరిగినదని పట్టణవాసులు నిందింతురు. 2016 జూలైలో సెబీ వారు శెనగలో క్రొత్త వాయిదాల నాపిరి. అయినను ధర పెరుగుట మానలేదు. 2014, 2015 సంవత్సరముల వానలేమిచే పంట తగ్గియుండెను. 2017 జూలైలో మరల తెఱచిరి. 2018లో కోటి టన్నులకు మించిన పంటకు దిగుమతి సరకు తోడై, ప్రభుత్వము క్వింటాలునకు 4,400 రూపాయలని చాటినను పెక్కు మార్కెట్లలో నంతకు తక్కువకే పోయినది. మూలము వానలోను, దిగుమతిలోను గలదు. సట్టా ఆ యెత్తుపల్లములను ముందుగాను, ఒక్కొక్కప్పుడు హద్దుమీఱియు చూపును. (ఆ హద్దుమీఱిన దినముననే యమ్ముకొన్నవానికి మా వివేచన యేమి యోదార్పు?)

రైతునకు కలుగు అన్యాయము వేరొక చోట నున్నది. శెనగలో ఒక్క బేరము 10 టన్నులు. ఎకరమునకు 8 క్వింటాళ్లు పండినను పన్నెండున్నర యెకరములు కావలెను. 2015-16 గణనలో మన దేశపు సగటు కమతము మూడెకరములకు లోపే. బయానాకును, ధర యెదురు తిరిగినప్పుడు వెంటనే కట్టవలసిన సొమ్మునకును రొక్క మెక్కడిది? బేరము రైతుకడకు రాదు గాని, దాని ధర మాత్రము యార్డులోని కాటాకడకు వచ్చును. పడిననాడు దళారి దానిని చూపును. పెరిగిననాడు తేమ మాట, మట్టి మాట యెత్తును.

2021 డిసెంబరు 20న శెనగతోపాటు గోధుమ, పెసలు, బాస్మతి కాని వరిధాన్యము మున్నగు ఏడు సరకుల వాయిదాల నాపి, ఆ నిషేధమును పలుమార్లు పొడిగించిరి. మాలో కొందఱు సంతోషించిరి. కాని అప్పులవాండ్ర తొందరచే కళ్లమునుండియే యమ్ముకొనుట తప్పలేదు. దళారి చెప్పిన ధరతో పోల్చి చూచుకొనుటకు వేరొక ధర మాత్రము లేకపోయినది.

కావున మేము కోరున దిది. సభ్యులు పదిపదునైదుగురు కలిసి తమ శెనగను గుర్తింపుపొందిన గిడ్డంగిలో వేసి, 2007 నాటి గిడ్డంగుల చట్టము ననుసరించిన రశీదుపై ఋణము తెచ్చుకొనుటకు సంఘము పూచీ వహింపవలెను. వర్తక సోదరులు నాణ్యపరీక్షయు, వడ్డీ లెక్కయు నేర్పవలెను. లోగడ ఒంగోలు ప్రాంతమున శీతల గిడ్డంగులలో శెనగను దీర్ఘకాలము దాచి, వడ్డీ పెరిగి చితికినవారిని మనమెఱుగుదుము. నిలువకు గడువు ముందే వ్రాసికొనవలెను. ఈ తీర్మానమును రేపటి కార్యవర్గ సమావేశమున చర్చకు పెట్టుడని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.