పంక్తిలో కూర్చున్నవారి లెక్క



కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్మృతిలో మాట్లాడే ఈ అవకాశాన్ని ఒకే ప్రశ్నకు వినియోగిస్తాను. ఒక మంచి మాట సంఘంలో నిలదొక్కుకోవాలంటే ఎంతమంది కావాలి? కథ కలకత్తా నుంచి మొదలుపెట్టాలి.

1855 జనవరిలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనంటూ చిన్న పుస్తకం అచ్చువేశారు. ఆధారం పరాశర స్మృతి. జాలి చూపమంటే వినిపించుకోని పండితులు స్మృతివాక్యం చూపిస్తే జవాబు చెప్పక తప్పదని ఆయన ఎరుగుదురు. జవాబులు వచ్చాయి. అక్టోబరులో వాటికి ప్రత్యుత్తరంగా రెండో పుస్తకం తెచ్చారు. ఆ నెలలోనే చట్టం కోరుతూ ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. దాని కింద సంతకాలు వెయ్యికి లోపే. సనాతనవాదుల నాయకుడు రాధాకాంత దేవ్ పెట్టించిన ఎదురు అర్జీ మీద 36 వేలకు పైగా! నానా చోట్ల నుంచీ వచ్చిన అర్జీలన్నీ కలిపితే కాదన్నవారు 50, 60 వేలమంది, ఔనన్నవారు 5 వేల పైచిలుకు.

తలలు లెక్కపెట్టి తేల్చి ఉంటే బిల్లు అక్కడే ఆగిపోయేది. దాన్ని ప్రవేశపెట్టిన జె.పి. గ్రాంట్ మాత్రం, ఒక్క పసిపిల్ల గట్టెక్కుతుందన్నా ఈ చట్టం చేయవలసిందేనని వాదించారు. 1856 జూలైలో చట్టం వచ్చింది. గ్రాంట్ వాదన న్యాయమైనదని నా నమ్మకం. ఎవరి బతుకు గురించి ఆ సంతకాలన్నీ పోగయ్యాయో, ఆ బాలవితంతువులకు అక్షరం నేర్పినవారే అరుదు. వాళ్ల గొంతు లేని లెక్కకు ధర్మం తేల్చే అధికారం ఎక్కడిది?

కానీ జనాన్ని ఒప్పించకుండా వచ్చిన చట్టానికి ఆ లోటు తర్వాత తెలిసింది. అదే ఏడాది డిసెంబరు 7న కలకత్తాలో మొదటి పెళ్లి చేయించిన విద్యాసాగర్, తర్వాతి పెళ్లిళ్ల ఖర్చులు తానే మోసి అప్పులపాలయ్యారు. చట్టం దారి ఇచ్చినా చుట్టాలు ఇవ్వలేదు.

ఇక తెలుగునాట ఇదే పనికి పూనుకున్న పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. 1879 ఆగస్టులో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం మీద ఉపన్యసించారు. ఆయనా శాస్త్రాలు తిరగేశారు, పండితులతో తలపడ్డారు. అయితే వాదంలో నెగ్గినంత మాత్రాన పెళ్లి జరగదు. పురోహితుడు కావాలి, వంటవాళ్లు కావాలి, నీళ్లు మోసేవాళ్లు కావాలి, పంక్తిలో పక్కన కూర్చుని తినేవాళ్లు కావాలి. వెలివేత దెబ్బ పడేది సరిగ్గా ఇక్కడే. సబబేనని మనసులో ఒప్పుకున్న మనిషి కూడా, కూతురికి సంబంధం దొరకదనీ, తండ్రి తద్దినానికి భోక్తలు రారనీ భయపడి వెనక్కి తగ్గుతాడు. అవతలివారి సంఖ్యాబలమంతా ఈ భయంలోనే ఉంది. ఎంత గొప్ప ఉపన్యాసమైనా ఆ భయాన్ని తీర్చలేదు. పక్కన మరో విస్తరి వేసుకుని కూర్చునే మనిషే తీర్చగలడు.

1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి పంతులుగారి ఇంట జరిగింది. ఆయన చేయించిన మొదటి వితంతు వివాహం అది. విద్యార్థులు కాపలా కాశారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఈ ఉద్యమానికి ధనసహాయం చేశారు. వంటవాళ్లు, పనివాళ్లు మానేస్తే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే నీళ్లు మోసి, వండి, వడ్డించారు. ఆమె సభలెక్కి మాట్లాడలేదు గనక మన చరిత్రలు ఆమెకు రెండు వాక్యాలతో సరిపెడుతున్నాయి. నా దృష్టిలో ఆ పెళ్లిని నిలబెట్టినది ఆమె. ఆ తర్వాత వెలివేత మొదలైంది. వెంట నడిచినవారిలో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని తప్పుకున్నారు. వారిని నిందించడానికి నాకు నోరు రాదు. ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నవాడి భయం చిన్నది కాదు.

జీవితకాలంలో పంతులుగారు చేయించిన వితంతు వివాహాలు దాదాపు 40. కలకత్తా అర్జీల పక్కన పెడితే ఇదొక అంకెగానే కనబడదు. కానీ ఒక్కో పెళ్లితో ఒక్కో కాపురం ఊళ్లో వెలిసింది. ఇలా చేసినా బతకవచ్చని ఇరుగుపొరుగు కళ్లారా చూశారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఆ పనిని అందుకున్నారు.

వధూవరుల పేర్లలో కొన్నయినా గ్రంథాలకెక్కాయి. ఆ ఇళ్లలో వండినవారివి, మంత్రం చదివినవారివి, మొదటి పంక్తిలో కూర్చున్నవారివి చాలావరకు ఎక్కలేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్ల నోట అలాంటి పేరు ఒక్కటి విని ఉన్నా, దయచేసి ఊరితో సహా రాసి, మీ ఊరి గ్రంథాలయానికి అందజేయండి.