వేసవిలో బాలలకు నాటక శిక్షణము



చైత్రము నడుమకు వచ్చునప్పటికి పాఠశాలల పరీక్షలు ముగియును. ఆ పిమ్మట దాదాపు ఏడు వారములు బిడ్డలకు బడి లేదు. మామిడి తోపు, చెరువు గట్టు, తాతగారి యిల్లు ఉండగా వేసవికి వేఱొక వ్యాపకమేల యని యడుగు పెద్దలు గలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. కాని యిప్పటి బిడ్డల వేసవి తోపులలో గడచుట లేదు. చేతియందలి ఫోను తెరమీద గడచుచున్నది. అందుచేతనే పట్టణములలోను, క్రమముగా చిన్న యూళ్లలోను వేసవి శిబిరములను పేర ఈత, చదరంగము, చిత్రలేఖనము, నాటకము నేర్పు తావులు వెలసినవి. వీనిలో నాటక శిబిరమును వెదకుకొను తల్లిదండ్రులు ఏమి చూడవలెను, ఎక్కడ చూడవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

ఒక గృహస్థున్నాడనుకొనుడు. అతనికి పదేండ్ల కూతురు. ఇంట గలగల మాటలాడును. బడిలో ఉపాధ్యాయుడు లేపి ప్రశ్నించినచో, తెలిసిన జవాబైనను గొంతు దాటి రాదు. ఆ తండ్రి కోరునది బిడ్డ నటీమణి కావలెనని కాదు. నలుగురి యెదుట తన మాట తాను చెప్పగలిగిన చాలునని. అతడు పట్టణమునుండి నాలుగు శిబిరముల ప్రకటన పత్రములు తెచ్చి ముందు పెట్టుకొన్నాడు. నాలుగింటను రంగురంగుల బొమ్మలే. నాలుగింటను ముగింపునాటి ప్రదర్శనము, ప్రశంసా పత్రము, ఫోటో. ఇందేది మంచిదో తెలియుట యెట్లు?

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఇట్టి చిక్కే యొకటి కలదు. గణదాసు, హరదత్తుడు అను నిరువురు నాట్యాచార్యులకు ఎవరధికులని తగవు వచ్చెను. తీర్పు చెప్పు భారము కౌశికి యను పరివ్రాజికపై బడెను. గురువులనే రంగమెక్కించి వారి యాట చూచి యెవడో యొకడు గెలిచెననుట సులభము. ఆమె అట్లు చేయలేదు. తాను చేయగలుగుట యొక శక్తి, ఎదుటివారిచేత చేయింపగలుగుట మఱియొక శక్తి. రెండును గలవాడే గురువులలో ముందు నిలువదగినవాడని చెప్పి, శిష్యురాలి ప్రయోగము చూచి నిర్ణయింపవలెననెను. సినిమాలో వేసినవారు నేర్పుదురు, టెలివిజనులో కనబడువారు నేర్పుదురు అను ప్రకటనకు మురిసిపోవు తల్లిదండ్రులకు ఈ యంకము చదివి వినిపింపవలెను. ఆ పోటీ యంతయు రాజునకు మాళవికను చూపుటకై విదూషకుడు పన్నిన పన్నాగమే యనుట నిజము. అయినను పరివ్రాజిక చెప్పిన న్యాయము అందుచే చెడలేదు.

కావున తండ్రి చేయవలసిన మొదటి పని, కడచిన యేడు ఆ శిబిరమునకు పోయివచ్చిన బిడ్డ నొకనిని కూర్చుండబెట్టి మాటలాడించుట. ఏ వేషము వేసితివని యడుగుట వలన లాభము లేదు; కిరీటపు ముచ్చటలు చెప్పును. మాట తప్పిపోయినప్పుడు మాస్టారు ఏమనిరని యడుగవలెను. ఆ ప్రశ్నకు బిడ్డ నవ్వుచు జవాబు చెప్పినచో ఒక తీరు, తల వంచుకొన్నచో మఱొక తీరు. పత్రములో నచ్చుపడని సంగతి యంతయు ఆ ముఖముననే యుండును.

ఇక లెక్క. శిబిరము 24 దినములు, దినమునకు 2 గంటలు అనుకొనుడు. మొత్తము 48 గంటలు, అనగా 2,880 నిమిషములు. 60 మంది బిడ్డలకు ఒక్కడే గురువైనచో తలకు వచ్చునది 48 నిమిషములు. అందుండి హాజరు, మంచినీళ్లు, అల్లరి మాన్పుట, దుస్తుల కొలతలు తీసివేయగా మిగులున దెంత? అదే 20 మంది యైనచో తలకు 144 నిమిషములు. రెండవ శిబిరము రుసుము మొదటిదానికి రెండింతలున్నను, కాలము మూడింతలు గనుక రెండవదియే చౌక. ఈ యంకె యే పత్రములోను ఉండదు. నోరు విడిచి యడిగి తెలిసికొనవలెను. అడుగుటకు మొగమాటపడు తండ్రి కూతురి మొగమాటము మాన్పబోవుట వింత గదా!

ముగింపునాటి ప్రదర్శనమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పెద్ద సభామంటపము, మైకులు, రంగు దీపములు అని ప్రకటింతురు. భరతుని నాట్యశాస్త్రము రెండవ యధ్యాయమున నాట్యగృహముల కొలతలు కలవు. మనుష్యులకు తగినది 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు గల మధ్యమ గృహమని యందు నిర్ణయము. హస్తమనగా మూర గనుక, ఇంచుమించు 96 అడుగులు, 48 అడుగులు. అంతకు మించినచో నటుని మాట స్పష్టముగా వినబడదని, ముఖమునందలి భావము కనబడదని కారణము గూడ చెప్పబడినది. ఆరితేరిన నటులకే ఈ కట్టుబాటైనచో, పదేండ్ల బిడ్డ కంఠమునకు ఎంత గృహము కావలెను? మైకు పెట్టినచో శబ్దము పెద్దదగునే గాని గొంతు పెద్దది కాదు.

రామాయణమున కుశలవుల వృత్తాంతము చూడుడు. వాల్మీకి వారికి కావ్యమంతయు నేర్పి తిన్నగా రాజసభకు బంపలేదు. మొదట విన్నవారు ఆశ్రమమునందలి ఋషులు. వారు తెలిసినవారు, దయగలవారు. విని సంతోషించి యొకరు కలశమును, మఱొకరు నారచీరను కానుక యిచ్చిరి. ఆ పిమ్మట అయోధ్య వీథులు. అటు పిమ్మట శ్రీరాముని కొలువు. ఈ వరుస తెలిసి నడుపు శిబిరము మంచి శిబిరము. మొదటి వారము తోడి బిడ్డల యెదుట, రెండవ వారము తల్లుల యెదుట, కడపట ఊరి యెదుట. అంతయు చివరి దినమునకే దాచి, నాడు ఒక్కసారిగా వేయిమంది ముందు నిలబెట్టినచో పిఱికి బిడ్డ మఱింత పిఱికియగును.

నాట్యశాస్త్రమునందే వేఱొక కథ. భరతుడు ఈ విద్యను తన నూర్గురు కుమారులకు నేర్పెను. కావున నాటక శిక్షణము మొట్టమొదట తండ్రి బిడ్డలకు నేర్పినదే. కాని ఆ కుమారులే కొంతకాలమునకు విద్యామదమున ఋషులను వెక్కిరించు ప్రహసనములాడి శాపము తెచ్చుకొనిరి. ఇప్పటి శిబిరములు కొన్నింట బిడ్డలచేత టెలివిజను హాస్యములు కట్టించి, మగడు పెండ్లముల పోట్లాటలు, త్రాగుబోతు వేషములు వేయించుచున్నారు. పెద్దలు పకపక నవ్వుదురు. బిడ్డకు తాను పలికిన దేమో తెలియదు. నాటకమును ముందుగా చదివి చూడవలెనని తండ్రి కోరుట అతని హక్కు.

ఎక్కడ వెదకవలెను? ఢిల్లీయందలి జాతీయ నాటక విద్యాలయము 1959లో ఏర్పడినది. 1989లో దానికి బిడ్డల కొఱకు ప్రత్యేకముగ సంస్కార రంగ టోలి యను శాఖ చేరినది. అది వేసవులలో బాలల నాటక శిక్షణము నడుపుచుండును. మైసూరులో 1989లో బి. వి. కారంత్ సారథ్యమున నెలకొన్న రంగాయణమున వేసవిలో ‘చిణ్ణర మేళ’ యను పేర బిడ్డల సందడి జరుగుచుండును. ఆ యూళ్లలో నివసించు తెలుగువారు వీనిని విడువరాదు. కాని పల్లెటూరి బిడ్డ నంతదూరము పంపుట యెట్లు? పైగా అక్కడి పలుకు హిందీ, కన్నడము. స్వభాషలోనే నోరు మెదపని బిడ్డను పరభాషలో గొంతు విప్పుమనుట రెట్టింపు బరువు.

తెలుగునాట సురభి సమాజము సంగతి యందఱెఱిగినదే. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకముతో ప్రారంభించిరి. కుటుంబములే సమాజములు గనుక అక్కడి బిడ్డలకు నడక, నటన ఇంచుమించు ఒకేసారి వచ్చును. అది జీవితకాలపు విద్య. నెల దినములలో అట్టిది యిత్తుమనువారి మాట నమ్మదగదు. ఇక న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరు గాంచిరి. మద్రాసులోను, పిమ్మట హైదరాబాదులోను రేడియోలో బిడ్డల కార్యక్రమములు నడపిరి; 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. రేడియోలో కిరీటము లేదు, రంగు లేదు, తెర లేదు. ఉన్నది గొంతొక్కటే. ఆ గొంతుతోనే యెందఱో బిడ్డలు తెలుగు లోగిళ్లలోనికి వచ్చిరి. వేషధారణకు ఎక్కువ రుసుము పుచ్చుకొను శిబిరములు ఈ సంగతి తలచుకొనదగును.

వీనియన్నిటికంటె ముచ్చటైనది మేలట్టూరు. తంజావూరు సీమలోని పల్లె యది. అచ్యుతప్ప నాయకుడు 510 తెలుగు కుటుంబములకు దానిని దానమిచ్చెనని ప్రతీతి. అక్కడ మేలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన తెలుగు భాగవతమేళ నాటకములు తరతరములుగా ఆడబడుచున్నవి. వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహ జయంతినాటి రాత్రి ప్రహ్లాద చరిత్రము. వైశాఖమనగా నడి వేసవి. పాత్రధారులందఱును పురుషులే, బాలురు బాలపాత్రలకు సిద్ధపడుదురు. చుట్టును వినబడునది తమిళము, రంగమెక్కినచో తెలుగు. ఆ బిడ్డలకు శిబిరము లేదు, ప్రకటన పత్రము లేదు, ప్రశంసా పత్రము లేదు. ఊరి పెద్దలే గురువులు, దేవుని యెదుటి వీథియే రంగము. అరవదేశమున ఒక పల్లె చేయగలిగిన పని తెలుగు పల్లె చేయలేదా?

దూరమునకు పంపదలచువారికి ఒక హెచ్చరిక మాత్రము. బిడ్డ రాత్రులు అక్కడనే యుండు శిబిరమైనచో, ఆడపిల్లలకు స్త్రీలే కావలి యుందురా, చెప్పకుండ వచ్చినను తల్లిదండ్రులను లోనికి రానిత్తురా యని ముందే యడుగవలెను. బాలలపై అత్యాచారములను శిక్షించుటకు 2012లో ప్రత్యేక శాసనము పుట్టినది. అది పుట్టవలసి వచ్చుటయే తల్లిదండ్రులకు చాలినంత హెచ్చరిక. ఇది తలుపులు మూసి నేర్పు విద్య కాదు.

ఇంతకును పదేండ్ల కూతురి తండ్రి యింకను ఆ నాలుగు పత్రములతోనే కూర్చుండియున్నాడు. అతడు తల యెత్తి చూచినచో ఇరువదియైదేండ్లుగా తలుపు తెఱచియున్న ఈ గ్రంథాలయము కనబడును. ప్రభుత్వ గ్రంథాలయములలో వేసవి విజ్ఞాన శిబిరముల పేర బిడ్డలచేత కథలు చదివించుట చాలచోట్ల జరుగుచున్న పనియే. చదువుటకును ఆడుటకును నడుమ నున్నది ఒక్క అడుగు. ఎండ ముదురకమునుపే ప్రొద్దున 7 గంటలనుండి 9 గంటలవఱకు ఈ పఠన మందిరము ఖాళీ. ఇరువది మంది బిడ్డలు చాపలమీద సుఖముగా కూర్చుండవచ్చును. భరతుని కొలతకు చాల తక్కువ. బాలుర గొంతునకు సరిపోయిన కొలత. పద్యనాటకముల కాలమున హార్మోనియము వాయించిన వృద్ధులు, ఉద్యోగము విరమించిన తెలుగు పండితులు ఏ ఊర చూచినను ఒకరిద్దఱుందురు. వారిని పిలుచువారు లేక యూరకున్నారు గాని, రామన్నవారు కారు.

నాటకము కొఱకు వెదకనక్కఱలేదు. మర్యాదరామన్న కథలు బీరువాలో నున్నవి. ప్రతి కథయును ఒక తగవు, ఒక విచారణ, ఒక తీర్పు. వాది, ప్రతివాది, సాక్షులు, సభాసదులు అని ఇరువది మందికిని తలకొక పాత్ర వచ్చును. సంభాషణలు వ్రాసి బట్టీ పట్టింపక, కథ చదివించి వారి మాటలలోనే వాదించుకొననిచ్చినచో ఇంకను మేలు. దుస్తులకు ఖర్చు లేదు. రామన్నకు తలపాగా యొకటి చాలును.

ఆ పిఱికి బాలికకు మొదటి వారము మాటలేని పాత్ర యీయవలెను. సభలో బంట్రోతుగా కఱ్ఱ పట్టుకొని నిలుచుట. రెండవ వారమున బంట్రోతునకు ఒక్కటే పని: వరండాలోనికి వచ్చి సాక్షి పేరు మూడు మార్లు పిలుచుట. మొదటి పిలుపు లోనివారికే వినబడదు. రెండవది గుమ్మము దాటును. కూతురిని తీసికొనిపోవుటకు వచ్చి వీథిలో వేపచెట్టు క్రింద నిలిచియున్న తండ్రికి మూడవ పిలుపు వినబడిననాడు, ఆ నాలుగు పత్రములను అటకమీద పెట్టవచ్చును.