మా నాయన పింఛను లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, ఇంజనీరింగు కోర్సుల గురించి ఓ పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు. దాని గురించి చెప్పడానికి ఈ సభలో నాకంటే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మిలిటరీ పింఛను గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో కాసేపు చప్పుడు లేదు. "స్వర్ణోత్సవంలో పింఛనేందిరా?" అన్నాడు తర్వాత.

మా తరగతిలో నలభై ఒక్క మందిమి. అందులో తొమ్మిది మంది నాయనలు మిలిటరీ. ఈ నేల సంగతి మీకు తెలుసు. వాన పడితే కందులు, పడకపోతే కంపచెట్లు. పదో తరగతి తప్పినవాడూ పాసైనవాడూ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్ళేవాళ్ళు. గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం పేరు అందరికీ తెలుసు. మన ఊళ్ళకు ఆ పేరు రాలేదు గానీ, ఇక్కడా ఇంటికో పెట్టె ఉంది. నల్లరంగు ఇనప ట్రంకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. ఆ పెట్టె అడుగున ఒక డిశ్చార్జి బుక్కు, ఒక పింఛను కాగితం ఉంటాయి. నేను మాట్లాడేది ఆ కాగితం గురించే.

మా నాయన చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, 1963లో చేరాడు. పదిహేడేళ్ళు చేసి 1980లో హవల్దారుగా ఇంటికొచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏడు. నేను ఏడో తరగతి. రిటైరయ్యాడంటే ముసలివాడని అనుకునే వయసు నాది. మా నాయన బావిలోకి దూకి ఈత కొడుతుంటే, రిటైరైనవాడు ఈత కొట్టడమేంటని మా క్లాసు పిల్లలు నవ్వారు.

ఈ పింఛనుకు మూలం ఆ వయసులోనే ఉంది. కొండలెక్కడానికి, తుపాకీ మోయడానికి పట్టాళానికి కుర్రవాళ్ళు కావాలి. అందుకని సిపాయిని ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే ఇంటికి పంపుతారు. అదే వయసులో ఆఫీసులో చేరిన గుమాస్తా అరవై దాకా ఉంటాడు, ప్రమోషన్లు తీసుకుంటాడు, పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ జీతం మీదే చేసుకుంటాడు. సిపాయికి ఖర్చులు మొదలయ్యే నాటికి జీతం ఆగిపోతుంది. దానికి బదులుగా సర్కారు ఇచ్చే మాటే పింఛను. సిపాయి, హవల్దారు స్థాయిలో పదిహేనేళ్ళ సర్వీసు ఉండాలి, ఆఫీసరుకు ఇరవై. ఇప్పటి లెక్కలో ఆఖరి జీతంలో సగం పింఛను, దాని మీద డీఏ. 2004 జనవరి తర్వాత చేరిన కేంద్ర సివిల్ ఉద్యోగులను కొత్త పింఛను పథకం, అంటే ఎన్‌పీఎస్‌లోకి మార్చినప్పుడు కూడా త్రివిధ దళాలను దానినుంచి మినహాయించారు.

పదిహేనేళ్ళనే ఆ గీత చాలా కఠినమైనది. మా బ్యాచ్‌లో ఒకడు, పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నాడు, వాళ్ళ నాయనకు పక్షవాతమొస్తే పదకొండేళ్ళకే అడిగి వచ్చేశాడు. గ్రాట్యుటీ ఇచ్చారు, ఫండు డబ్బు ఇచ్చారు. నెల నెలా వచ్చేది మాత్రం లేదు. ఇంకో నాలుగేళ్ళు ఉంటే బతుకు వేరుగా ఉండేదని వాడికీ తెలుసు. నాయనను చూసుకోవడానికి ఇంకెవరూ లేరు.

ఇక మా ఇంటి కథ. రిటైరయ్యేటప్పుడు మా నాయన పింఛనులో కొంత భాగం కమ్యూట్ చేశాడు. తెలియని పిల్లల కోసం చెబుతాను. రాబోయే పింఛనులో ఒక భాగాన్ని ముందే మొత్తంగా తీసుకోవడం కమ్యూటేషన్. మిలిటరీ వాళ్ళకు ఇప్పుడు సగం దాకా తీసుకోవచ్చు. ఈనాటి లెక్క చూడండి. పింఛను 20,000 అనుకుందాం. అందులో సగం, 10,000 అమ్ముకుంటే, ఏడాదికి 1,20,000. నలభై లోపు వయసుకు గుణకం తొమ్మిదికి కాస్త పైన. అంటే చేతికి దాదాపు పదకొండు లక్షలు వస్తాయి. బదులుగా పదిహేనేళ్ళు నెలకు 10,000 కోత. కోత మొత్తం కూడితే 18 లక్షలు. "ఏడు లక్షలు మోసం" అంటాడు రచ్చబండ దగ్గర మా చిన్నాయన. నేను లెక్క కట్టి చూశాను. అది ఏడు శాతం పైచిలుకు వడ్డీతో తీసుకున్న అప్పు లాంటిది. ఏ బ్యాంకూ మనకు పర్సనల్ లోను అంత చవగ్గా ఇవ్వదు. డీఏ కూడా కోయని పూర్తి పింఛను మీదే వస్తుంది. మధ్యలో మనిషి పోతే మిగతా బాకీ ఎవరూ కట్టనక్కర్లేదు, భార్యకు వచ్చే పింఛను ఆ కోత వల్ల తగ్గదు. కాబట్టి కమ్యూటేషన్ మంచిదా చెడ్డదా అంటే, ఆ డబ్బు ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న.

మా నాయన డబ్బు భూమిలోకి పోయింది. బోరు వేయించాడు. నూట ఎనభై అడుగులు. దుమ్ము లేచింది. పది గజాలు పక్కన ఇంకోటి. అందులో రెండు నెలలు నీళ్ళు వచ్చాయి. ఫండు డబ్బుతో అక్క పెళ్ళి చేశాడు. మిగిలింది కోసిన పింఛను. అది మూడంకెలు దాటేది కాదు. ఆ మూడంకెల్లోంచే నా స్కూలు ఫీజు, పరీక్ష ఫీజు, తర్వాత హాస్టలు మెస్సు బిల్లు కట్టాడు. చాలక పట్నంలో రాత్రి కాపలా ఉద్యోగం కూడా చేశాడు.

కోసిన భాగం పదిహేనేళ్ళ తర్వాత తిరిగి కలపాలి. మొదట్లో ఈ హక్కు లేదు, కోత బతికున్నంతకాలం ఉండేది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 1986 డిసెంబరులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో పదిహేనేళ్ళ గడువు ఖాయమైంది. ఆ లెక్కన మా నాయనకు 1995లో పూర్తి పింఛను రావాలి. రాలేదు. ఆయన అడగలేదు. 2003లో సెలవుకు వచ్చి పాస్‌బుక్ తిరగేస్తుంటే నాకు కనబడింది. "ఏం నాయనా, ఇది కలపలేదే?" అన్నాను. "గవర్నమెంటు లెక్క తప్పుతుందా?" అన్నాడు.

బ్యాంకుకు వెళ్దామంటే రానన్నాడు. కొన్నాళ్ళ తర్వాత అసలు కారణం అమ్మ చెప్పింది. అడిగితే బిచ్చమెత్తినట్టు ఉంటుందట. ఆ మాట నన్ను చాలా బాధ పెట్టింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీం కోర్టు తేల్చింది ఇదే కదా. పింఛను యజమాని దయతో వేసే ముష్టి కాదు, చేసిన సేవకు సంపాదించుకున్న హక్కు అని. డిసెంబరు 17ను దేశమంతా పింఛనుదార్ల దినంగా జరుపుకునేది అందుకే. ఆ తీర్పు సంగతి చెబితే మా నాయన శ్రద్ధగా విన్నాడు. "సుప్రీం కోర్టే అన్నదా?" అని రెండుసార్లు అడిగాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడల్సు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. బ్యాంకు పేరు అనవసరం. మూడోసారి వెళ్ళినప్పుడు పాత లెడ్జరు తీశారు. ఎనిమిదేళ్ళ బకాయి వచ్చింది. పెద్ద మొత్తమేం కాదు. ఆ డబ్బుతో అమ్మకు గాజులు చేయించాడు, ఈ స్కూల్లో ఒక తరగతికి రెండు బెంచీలు ఇచ్చాడు. వాటి మీద పేరు రాయించవద్దన్నాడు, రాయించలేదు.

2011లో నాయన పోయాడు. అప్పుడు మొదలైంది రెండో కథ. పింఛను మంజూరు కాగితంలో, అంటే పీపీఓలో, అమ్మ పేరు ఒకటి. రేషన్ కార్డులో ఇంకొకటి. పుట్టిన తేదీ ఎక్కడా లేదు. పెళ్ళయిన ఏడాది యూనిట్‌లో రాయించిన పేరు పుట్టింటి పేరు. దాన్ని ఎవరూ మార్పించలేదు. రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు, అఫిడవిట్లు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరగడం... పద్నాలుగు నెలలు. నేను ఇంజనీరును, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలను, సెలవు పెట్టగలను. నాకే అన్ని నెలలు పడితే పక్క వీధి సుబేదారు గారి భార్య సంగతేమిటి?

చివరికి ఫ్యామిలీ పింఛను వచ్చింది. అమ్మ పాస్‌బుక్ చూసి, "మనిషి పోతే అన్నం ఖర్చు తగ్గుతుంది గానీ కరెంటు బిల్లు తగ్గుతుందా?" అంది. మామూలు ఫ్యామిలీ పింఛను ఆఖరి జీతంలో ముప్పై శాతం. రిటైరైనవాడు త్వరగా పోతే భార్యకు ఏడేళ్ళు, లేదా అతనికి 67 ఏళ్ళు నిండే నాటి వరకు, ఏది ముందైతే అంతవరకు ఎక్కువ రేటు ఇస్తారు. నాయన 68కి పోయాడు. కాబట్టి మొదటి నెల నుంచే ముప్పై శాతం. ఒక ఏడాది ఎక్కువ బతికినందుకు కోత అని అమ్మ లెక్క. ఆమెకు జవాబు చెప్పడం నాకు చేతకాలేదు.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్ గురించి అమ్మ నా కంటే బాగా చెబుతుంది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్ళకు, 1980లో దిగినా 2013లో దిగినా, ఒకే పింఛను ఉండాలన్నది మాజీ సైనికుల కోరిక. 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. మన మండలం నుంచి కూడా ఇద్దరు వెళ్ళి వచ్చారు. ఆ ఏడాది నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది, 2014 జూలై 1 నుంచి వర్తింపు, అయిదేళ్ళకోసారి సవరణ. ఏటా సవరించాలన్న వాదన సుప్రీం కోర్టులో 2022లో నిలవలేదు. అందరూ అడిగినంత రాలేదు, నిజమే. కానీ అమ్మకు మొదటిసారి బకాయి ఒకే వాయిదాలో వచ్చింది. మిగతావాళ్ళకు నాలుగు వాయిదాలు, వితంతువులకు ఒక్కటే. "ఇన్నాళ్ళకు మీ నాయనకు ప్రమోషన్ వచ్చినట్టుంది" అంది.

ఒక పక్క మాట. ముప్పై మూడేళ్ళు ప్రైవేటు కంపెనీల్లో ఇంజనీరుగా చేశాను. 58 నిండాక నాకు వచ్చే ఈపీఎస్ పింఛను నెలకు ఏడున్నర వేలు దాటదు, దానికి డీఏ లేదు. పీఎఫ్‌లో దాచుకున్నదే దిక్కు. మిలిటరీలో కనీస పింఛనే 9,000, పైన డీఏ. ఇంజనీరింగు కోర్సుల గురించి మాట్లాడమన్న కార్యదర్శికి ఇది కూడా చెప్పాలనుకున్నాను.

ఇప్పుడు వెనక బల్లల పిల్లలకు. మీలో కొందరు ర్యాలీకి పరుగు సాధన చేస్తున్నారని పీఈటీ సార్ చెప్పారు. సంతోషం. కానీ మీరు వెళ్ళే దారి మా నాయనల దారి కాదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. ఆ వారంలోనే సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో, ఒక కుర్రవాడు ఎలా పోయాడో మీ అన్నలకు గుర్తుంటుంది. సర్వీసు నాలుగేళ్ళు. నూటికి ఇరవై అయిదు మంది వరకు రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. మిగిలినవాళ్ళకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000. అందులో ముప్పై శాతం ప్రతి నెలా సేవానిధిలోకి పోతుంది. నాలుగేళ్ళకు మీ వంతు 5.02 లక్షలు, సర్కారు వంతు అంతే. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు, పన్ను లేకుండా. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంది, మీరు కట్టనక్కర్లేదు.

11.71 లక్షలు వినడానికి బాగుంది. ఏడు శాతం వడ్డీకి పెడితే నెలకు 6,800 చిల్లర. ధరలు పెరిగినా అది పెరగదు. ఇరవై రెండేళ్ళకు, ఇరవై అయిదేళ్ళకు చేతిలో అంత డబ్బు పడితే మన ఇళ్ళల్లో ఏమవుతుందో నాకు తెలుసు. అక్క పెళ్ళి, బోరు, కారు. ఇది మీ నాయనలకు కూడా చెబుతున్నాను. అది కుర్రవాడి మొత్తం పింఛను, ఇంటి అప్పు తీర్చే డబ్బు కాదు. తొలి బ్యాచ్‌ల నాలుగేళ్ళు 2026, 27లలో నిండుతాయి. మన మండలం నుంచి వెళ్ళినవాళ్ళు అందులో ఉన్నారు. ఈ పద్ధతి సరైనదని నేను అనుకోవడం లేదు. ముప్పై ఏడేళ్ళకు పంపిస్తే పింఛను అవసరమైనప్పుడు, ఇరవై మూడుకు పంపిస్తే ఎందుకు అవసరం లేదో నాకు అర్థం కాదు. కుర్రవాడు ఇంకో ఉద్యోగం చూసుకోగలడని అంటారు. చూపించేవాళ్ళు కావాలి కదా. మన సంఘంలో కంపెనీలు నడిపేవాళ్ళు ఆరుగురున్నారు. వాళ్ళ పేర్లు నేను రాసి పెట్టుకున్నాను.

చివరగా ఒక పని. అమ్మకు మరో రెండేళ్ళలో ఎనభై నిండుతాయి. ఎనభై దాటితే పింఛను మీద ఇరవై శాతం అదనం. కానీ పుట్టిన తేదీ కాగితంలో ఉంటేనే. మా అమ్మది ఎక్కించాం. మన ఊళ్ళ అమ్మల్లో ఎంతమందివి ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఇప్పుడంతా స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారింది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగుతుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోయినా ఆగుతుంది.

భోజనాల తర్వాత పదో తరగతి గదిలో నేను, రిటైరైన ఇద్దరు సుబేదార్లు, ఒక లాప్‌టాప్ ఉంటాం. పీపీఓ, ఆధార్, పాస్‌బుక్ నకళ్ళు తెచ్చుకోండి. తేనివాళ్ళు ఇంటికి ఫోన్ చేయండి, పిల్లలు సైకిల్ మీద తెస్తారు. సాయంత్రం ఆరు దాకా అక్కడే ఉంటాం. కరెంటు పోతే ప్యూన్ అన్న జనరేటరు వేస్తానన్నాడు.