మూర్ఛవ్యాధి: స్త్రీలు, పురుషులు
(వాకాడులో పంచాయతీ సభ్యులకై చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధిదీపములు, మురుగుకాలువలు - వీనినిగూర్చి మీరు నిత్యము చర్చించుచునే యున్నారు. నేడు ఇంటి తలుపుల వెనుక దాగియున్న యొక వ్యాధినిగూర్చి మేము మనవి చేయదలచినాము. అదియే మూర్ఛ. పల్లెలలో దీనిని కాకిసోమాల యనియు, ఫిట్స్ అనియు అందురు.

ఇది గాలిచేష్ట గాదు, అంటువ్యాధి గాదు. మెదడులోని విద్యుత్ప్రవాహము ఒక్కమారుగా అదుపు తప్పుటచే కలుగును. ప్రపంచమున సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. తగిన చికిత్స లభించినచో వారిలో నూటికి 70 మంది వరకు ఫిట్లు లేకుండ జీవింపగలరు.

లెక్కలలో స్త్రీలకన్న పురుషుల సంఖ్య కొంచెము హెచ్చు. తలకు దెబ్బలు తగులుట, మద్యపానము పురుషులలో అధికమగుట ఇందుకు కొన్ని కారణములు. తలపై వేడినీళ్ళు గుమ్మరించుకొనునపుడు వచ్చు మూర్ఛ దక్షిణభారతమున కన్పించును. అదియు మగవారిలోనే ఎక్కువ. అట్టివారికి గోరువెచ్చని నీరే మేలు.

అయితే, పెండ్లి కాదేమో యను భయముతో ఆడపిల్లల వ్యాధిని దాచువారు కలరు. కావున లెక్కకు రాని స్త్రీలును ఉందురని మరువరాదు.

కొందరు స్త్రీలకు బహిష్టు సమయమున ఫిట్లు హెచ్చును. ఈస్ట్రోజన్ అను హార్మోను ఫిట్లను ప్రేరేపించును; ప్రొజెస్టిరోన్ అణచును. అప్పుడు ఈ రెండవది తగ్గిపోవుట యొక కారణము. ఫిట్ వచ్చిన తేదీలను వ్రాసియుంచి వైద్యునకు చూపవలెను. వాల్‌ప్రోయేట్ అను మందు గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. అట్లని మాత్రలు తమంతట తాము మానరాదు. మానినచో తల్లికిని బిడ్డకును ప్రమాదము. గర్భము ధరింపక మునుపే వైద్యుని సంప్రదించినచో మందు మార్చుటకు వీలగును. ఈ వ్యాధి గల స్త్రీలలో అత్యధికులు ఆరోగ్యవంతులగు బిడ్డలనే కనుచున్నారు.

1999లో పార్లమెంటు హిందూ వివాహ చట్టమునుండి మూర్ఛ యను మాటను తొలగించినది. నాటినుండి ఆ చట్టరీత్యా ఇది పెండ్లికి అడ్డంకి కాదు. చట్టము మారినది, సంబంధములు కుదుర్చు పెద్దల మనస్సును మారవలెను. వ్యాధిని దాచి పంపిన కోడలు, అత్తవారింట మాత్ర మ్రింగుటకు జంకి మానివేయును. ఒకనాడు పొయ్యి యొద్దనే పడిపోవును. ఆ దాపరికమే ఆమెకు శత్రువు.

ఫిట్ వచ్చినపుడు చేతిలో తాళపుచెవులు పెట్టవలదు. నోటిలో ఏమియు క్రుక్కవలదు. ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. 5 నిమిషములు దాటినచో 108కు ఫోను చేయుడు. ఫిట్లు అదుపులోనికి రాని వారిని పడవపైకి గాని, చెరువులోనికి గాని ఒంటరిగా పోనీయకుడు.

నవంబరు 17 జాతీయ మూర్ఛవ్యాధి దినము. ఆనాటికై వేచియుండక, మీ వార్డులో ఈ వ్యాధితో బాధపడు వారిని, ముఖ్యముగా ఆడపిల్లలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చుడు. పెద్దలైన మీరు సిగ్గుపడక మాటలాడినచో, వారు భయపడక మందు వాడుకొందురు.