మా ఇండ్లల్ల మొదటి పిహెచ్‌డి
(పరిశోధక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం మా ఇండ్లల్ల మొదటిసారి పిహెచ్‌డి దాకా వచ్చినోళ్లం. పండుగకు ఊరికి పోతే 'ఇంకెన్నేండ్లు చదువుతవు బిడ్డా, నౌకరెప్పుడు?' అని అవ్వ అడుగుతది. ఆడపిల్లకైతే పెండ్లి ముచ్చట కూడ జమైతది. సినాప్సిస్ ఎట్ల రాయాలె, గైడుతోని ఎట్ల మాట్లాడాలె, చెప్పెటోళ్లు ఇంట్ల లేరు. హాస్టల్ సీనియర్లే మాకు దిక్కు.

1918లో మొదలైన ఉస్మానియా 1969లోనూ, 2009లోనూ తెలంగాణ కోసం నిలబడ్డది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అయినా పరిశోధకుని ఆకలి తీరలేదు. జెఆర్‌ఎఫ్ కొట్టినోళ్లకు 2023 నుంచి నెలకు 37 వేలు. కేంద్ర విశ్వవిద్యాలయంలోనైతే నెట్ లేకున్నా 8 వేలు. ఆ పథకం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వర్తించదు. ఇంట్ల ఆస్తి ఉన్నోడు ఐదేండ్లు ఆగుతడు. కూలి బిడ్డ ఎట్ల ఆగుతడు?

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినం. ఆ నిధుల్ల పరిశోధకునికీ వాటా ఉండాలె. రాష్ట్రమే ఫెలోషిప్ ఇయ్యాలె. ఉద్యోగులారా, మీ ఊరి పిల్లలకు దరఖాస్తు నింపిచ్చి దారి చెప్పుండ్రి. మా తర్వాత వచ్చెటోళ్లకు మేమూ చెప్తం.

జై తెలంగాణ!