బెంగళూరు వదిలి మదనపల్లె నేతపేటలో అద్దెకుంటే: లెక్కలో రాని ఖర్చు

 

మీకు వెనకాల టకటకమని ఒక శబ్దం వినిపిస్తోంది కదా, అది మైక్ ప్రాబ్లం కాదు. మా ఇంట్లో మగ్గం నడుస్తోంది. పోయిన రెండు ఎపిసోడ్లలో దాన్ని ఎడిటింగ్‌లో తీసేశాను. ఈసారి ఉంచేస్తున్నా, ఎందుకంటే ఇవాళ మాట్లాడబోయేది దాని గురించే.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, బెంగళూరు వదిలేసి మదనపల్లెలో ఉంటున్నావ్, నెలకు ఎంతవుతుంది?" సరే, ముందు లెక్క చెప్తా. బెంగళూరులో నా సింగిల్ బెడ్‌రూంకి 19 వేలు అద్దె, లక్షన్నర అడ్వాన్సు. ఇక్కడ నీరుగట్టువారిపల్లెలో మేడమీద ఒక గది, చిన్న వంటిల్లు, బయట బాత్రూం కలిపి 6 వేలు. అడ్వాన్సు 20 వేలు. తిండి, కరెంటు, నెట్, పెట్రోలు అన్నీ కలిపినా నెలకు 15 వేలు దాటదు. ఉద్యోగం మానేసి వీడియోలు చేసుకుంటూ బతకగలుగుతున్నానంటే దానికి కారణం నా టాలెంట్ కంటే ఈ అద్దే.

మా అమ్మవాళ్ళది పుంగనూరు, నేను బీటెక్ చదివింది కుప్పంలో. మరి అక్కడ ఎందుకు లేవు అంటారేమో. కుప్పంలో రైలుంది, బెంగళూరు-చెన్నై లైను మీదనే ఉంది, పొద్దున ఎక్కి బెంగళూరులో దిగిపోవచ్చు. వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు పోవాల్సినవాళ్ళకు అదే బెస్టు. పుంగనూరు ఇంకా చవక, పాత జమీందారీ ఊరు, పొట్టి ఆవులకు పేరు. కానీ చుట్టాలు ఎక్కువ, "పెళ్ళెప్పుడు నాయనా" అనే ప్రశ్న ఇంకా ఎక్కువ. అందుకే మధ్యేమార్గంగా మదనపల్లె.

ఈ ఊరికి చరిత్ర బాగానే ఉంది. 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఇక్కడే. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ, మనవాళ్ళు బీటీ కాలేజీ అంటారు, అక్కడికే 1919 ఫిబ్రవరిలో టాగూర్ వచ్చారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. ఇవి మీరు స్కూల్లో విన్నవే. కానీ నేనుండే పేటకు ఇలాంటి బోర్డులేమీ లేవు. దాని చరిత్ర దాని పేరులోనే ఉంది. నీరుగట్టువాడు అంటే చెరువు తూము తీసి ఎవరి మడికి ఎంత నీళ్ళో పంచే మనిషి. ఆ నీళ్ళు పంచేవాళ్ళ పల్లె ఇప్పుడు పట్టుచీరలు నేసే పేట. టమాటా మార్కెట్ కూడా ఇటే. 2023 జూలైలో కిలో దాదాపు 200 పలికి దేశమంతా వార్తల్లోకెక్కింది కదా, అదే మార్కెట్.

ఊరికి ఏరు కూడా ఉంది, బాహుదా. పోయి చెయ్యేటిలో కలుస్తుంది. నిజం చెప్పాలంటే ఎండాకాలంలో చూస్తే ఇది నదా, మురికికాలువా అనిపిస్తుంది. నాలుగురోజులు గట్టిగా వాన పడితే మాత్రం అది నదేనని అందరికీ గుర్తొస్తుంది. దాని పేరు వెనక మహాభారతంలో ఒక కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. అన్న తోటలో తమ్ముడు అడగకుండా పండ్లు తిన్నాడు. అన్న "పోయి రాజుకు చెప్పుకో" అన్నాడు. రాజు చేతులు నరికించాడు. తర్వాత బాహుదా నదిలో మునిగితే చేతులు మళ్ళీ వచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా. కాణిపాకం దగ్గరి ఏటిపేరు కూడా బాహుదానే, వాళ్ళు ఈ కథ తమ ఏటిదే అంటారు. ఎవరిదైనా కానీ, చేతులతో బతికేవాళ్ళున్న ఊరికి ఆ పేరు నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు అసలు విషయం.

మా ఇంటి కింద రెండు గుంత మగ్గాలున్నాయి. ముందు గదిలోది ఓనరు అన్నది, వెనక గదిలో ఇంకొకటి. గుంత మగ్గం అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని తొక్కుతూ నేస్తారు. పైన జకార్డ్, దానికి చిల్లులు కొట్టిన అట్టల దండ. చిల్లు ఉంటే ఆ దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఒకటీ సున్నా అన్నమాట. 1804 నాటి ఈ ఐడియానే తర్వాత కంప్యూటర్ల పంచ్ కార్డులదాకా వచ్చింది. నాలుగేళ్ళు కోడ్ రాసిన నాకు ఆ సంగతి కింద గదిలో నిలబడి చూసినప్పుడే సరిగ్గా ఎక్కింది.

పోయిన నెల ఓనరు అన్న పైకొచ్చాడు. "తమ్ముడూ, నీ మాదిరి కంప్యూటర్ పనోళ్ళు ఇంకెవరన్నా ఉంటే చెప్పు. ఎనక మగ్గం తీసేసి, గుంత పూడ్చి, టైల్సు ఏసి రూము చేస్తా." నేను ఎగిరి గంతేశా. బెంగళూరులో నా ఫ్రెండ్స్ ఇద్దరు రెడీగా ఉన్నారు. అప్పుడే ఫోన్ చేసి చెప్పేశా.

మర్నాడు అవ్వ, అంటే అన్నవాళ్ళ అమ్మ, మెట్ల దగ్గర ఆపి అడిగింది. "ఏం నాయనా, ఎనక రూముకు మీవాళ్ళు వస్తారంట. మరి ఆ యమ్మి యాడికి పోవాల?"

ఆ వెనక మగ్గం మీద నేసేది అన్నవాళ్ళ ఇంటి మనిషి కాదని నాకు తెలీదు. పక్క వీధి అక్క ఒకామె రోజూ వచ్చి నేసి పోతుంది. ఆమె కూడా అద్దె ఇంట్లోనే ఉంటుంది, మొదటి అంతస్తులో. మేడమీద గుంత తవ్వలేం కదా. నేలమీద ఇల్లు కావాలి, తవ్వడానికి ఓనరు ఒప్పుకోవాలి, అట్టలు వేలాడేంత ఎత్తు కప్పు కావాలి, వానాకాలం గుంతలోకి నీళ్ళు ఊరకూడదు. నా ల్యాప్‌టాప్ ఏ గదిలో పెట్టినా పనిచేస్తుంది. ఆమె మగ్గం అలా కాదు. ఒకసారి గుంత పూడ్చి టైల్సు వేస్తే మళ్ళీ ఎవరూ తవ్వనివ్వరు. ఆమెకు మిగిలేది మార్కెట్లో టమాటాలు ఏరే కూలి.

అన్నకు ఇదంతా చెప్పా. ఆయన కోప్పడలేదు. "నాకు తెల్దా తమ్ముడూ? ఆ మగ్గం మీద నాకు మిగిలేదెంత, రూము మీద వచ్చేదెంత నువ్వే లెక్కేయి. పిల్లోడి ఫీజు ఎవురు కడతారు?" అన్నాడు. నేను లెక్కేశా. ఆయన చెప్పింది కరెక్టే. పవర్‌లూమ్ చీర పక్కన పెడితే చేమగ్గం చీర రేటు నిలబడట్లేదు. కొన్ని రకాల చీరలు చేమగ్గాలకే వదిలేయాలని 1985లోనే చట్టం వచ్చింది, కాగితం మీద.

ఇక్కడ నాకు చాలా సిగ్గేసింది. ఎందుకంటే నేను "చవక చవక" అని రెండు వీడియోలు చేశాను. నాకు 6 వేలు చవక. నాలాంటోళ్ళు నలుగురు దిగితే ఆ వీధిలో అదే రేటు అవుతుంది. అప్పుడు ఆ అక్కకు ఈ వీధే ఉండదు.

చివరికి నేను ఒక మాట అడిగా. "అన్నా, కింద ముట్టుకోవద్దు. మేడమీద నా గది పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ రేకుల గది వేయి. మావాళ్ళను ఏడాది అద్దె ముందే కట్టమంటా." ఫ్రెండ్స్‌లో ఒకడు సరే అన్నాడు, ఇంకొకడు "రేకుల గదా, ఎండకు ఉడికిపోతాం రా" అని జారుకున్నాడు. ఒకడి డబ్బుతో గది పూర్తి కాదు. మిగతాది నేను నా అడ్వాన్సుకు కలిపి ఇస్తున్నా. అన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఈ పండగ కానీ, చూద్దాం" అన్నాడు. అంతే, కథ ఇక్కడే ఆగింది.

మీరు కూడా ఇలా చిన్న ఊరికి వద్దామనుకుంటే రండి, వద్దని చెప్పను. నాకు ఈ ఊరు మనశ్శాంతి ఇచ్చింది. కానీ గది చూడటానికి వెళ్ళినప్పుడు అద్దెంత, నెట్ స్పీడెంత, నీళ్ళు ఎన్నిరోజులకోసారి అని అడుగుతారు కదా, ఇంకో ప్రశ్న కలపండి: "ఈ గదిలో ఇంతకుముందు ఏం చేసేవాళ్ళు?" సమాధానం పని అయితే, ఆ పని ఇప్పుడు ఎక్కడికి పోయిందో కూడా కనుక్కోండి. కుదిరితే మేడమీద గదే తీసుకోండి. కిందది కింద పనివాళ్ళకు వదిలేయండి.

శబ్దం ఇంకా వస్తోంది కదా, అది వెనక గది మగ్గం. అక్క ఇవాళ కూడా వచ్చింది. వచ్చే ఎపిసోడ్‌లో, ఆమె ఒప్పుకుంటే, ఆమెతోనే మాట్లాడిస్తా. అప్పటిదాకా ఉంటా మరి.