అండకణము – ఆక్సిజన్ సమతౌల్యము
మన ఒంగోలు జాతి సంతతియై బ్రెజిల్ దేశమున నెలోర్ అను పేర ప్రసిద్ధికెక్కిన పశువులు నేడచ్చట ప్రయోగశాలలయందు ఫలదీకరణము పొందిన అండములనుండియు విస్తారముగ జన్మించుచున్నవి. ఆవు అండాశయమునుండి సూదితో గ్రహింపబడిన అండకణము 38.5 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో, పోషకద్రవమున, దాదాపు 24 గంటలు పరిపక్వమైనగాని శుక్రకణమును స్వీకరించుటకు యోగ్యము కానేరదు.

ఆవు గర్భనాళమున ఆక్సిజన్ స్వల్పము. సాధారణ వాయువుతో నడచు, అండములను పరిపక్వపరచు పేటికలోనో అది 20 శాతమునకు చేరువ. అందుచేత మైటోకాండ్రియాలు శక్తిని పుట్టించునపుడు వెలువడు, తీవ్రముగ చర్యనొందు ఆక్సిజన్ రూపములు మితిమీరి, కణపు పొరలలోని కొవ్వులను, డి.ఎన్.ఏ.ను సైతము గాయపరచును. అట్లని వానిని బొత్తిగ తుడిచివేయుటయు తగదు. ఆగియున్న కణవిభజన తిరిగి సాగుటకు వాని లేశమాత్రపు ఉనికి తోడ్పడును.

ఈ సమతను ముఖ్యముగ కాపాడునది గ్లూటథయోన్ అను పదార్థము. అండకణమును పొదివికొనియున్న క్యూములస్ కణములు సిస్టీన్ అను అమైనో ఆమ్లమును అందించుటలో సాయపడగా, దానినుండి ఈ పదార్థము తయారగును. పోషకద్రవమున సిస్టియమీన్ అను సమ్మేళనమును కొంచెము చేర్చినచో గ్లూటథయోన్ నిలువ పెరిగి, పిండములు మెరుగుగ ఎదుగుటను పరిశోధకులు గాంచిరి. శుక్రకణపు శిరస్సునందు బిగిసియున్న వారసత్వద్రవ్యమును విప్పుటకును ఇదియే ఆధారమగుట నాకు మిక్కిలి అద్భుతముగ తోచును.